ఫార్వర్డ్ చేసిన పిలుపు

మా మల్కాపురంలో ఎల్లారావు ఇల్లు ఎక్కడని అడిగితే చంటిపిల్లాడైనా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు. పోర్టులో టగ్గు మీద పని. లోపలికొచ్చే ఓడలకి తాడు కట్టి టగ్గు ఈడ్చుకొస్తుంది కదా, ఆ తాడు విసిరేది ఎల్లారావే. మనిషి మంచివాడు. చెయ్యి పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. జబ్బు మాత్రం ఒక్కటే, మర్యాద. అది ఇవ్వడంలో కాదు, పుచ్చుకోవడంలో.

పెళ్ళికి ఆయన్ని గుమ్మంలో నిలబడి పిలిస్తే రాడు. లోపలికొచ్చి కూర్చుని పిలవాలి. మగాడొక్కడూ వచ్చి పిలిచినా రాడు. పెళ్ళాన్ని కూడా తెచ్చుకుని ఎల్లారావు భార్య సూర్యకళకి బొట్టు పెట్టించాలి. ఒకసారెవరో బజారులో ఎదురుపడి "అన్నట్టు ఆదివారం మావోడి పెళ్ళి" అన్నందుకు, ఆ మనిషి ఉండే వీధిలోంచి నడవడం మానేశాడు. చుట్టూ తిరిగి వెళ్తాడు. మావైపు ఈ పట్టింపు అందరికీ ఎంతో కొంత ఉంది, కాదనను. ఇంటికొచ్చి పిలిస్తేనే పిలుపు. కానీ ఎల్లారావుకీ, ఆయన బావ దుర్గారావుకీ ఇది ముదిరిపోయింది.

దుర్గారావు సూర్యకళకి అన్న. పెదజాలారిపేటలో కాపురం. బోటులో వాటా ఉంది, హార్బరులో ఐసు అమ్ముతాడు. బావలిద్దరూ ఒకప్పుడు ఒకరిని వదిలి ఒకరు ఉండేవారు కాదు. ప్రతి ఆదివారం ఎల్లారావు అరుగు మీద పేకాట. డబ్బు లేదు, దస్కం లేదు, ఓడినవాడు టీ పోయించాలి, అంతే. వాళ్ళ అరుపులకి ఎదురింట్లో నేను మధ్యాహ్నం నిద్రన్నది ఎరగను. నా పేరు వాసు. జెరాక్సు తీస్తాను, రైలు టికెట్లు బుక్ చేస్తాను, అడక్కపోయినా నాలుగు మంచిమాటలు చెబుతాను.

ఏడేళ్ళ కిందట మా అమ్మవారి పండగొచ్చింది. మొగుడూ పెళ్ళాం కలిసి పెదజాలారిపేట వెళ్ళి అన్నగారిని పిలవాలి. ఆ వారం పోర్టుకి ఓడల మీద ఓడలు. ఎల్లారావుకి ఊపిరి సలపలేదు. ఎవరో ఫోనుకి పంపిన బొమ్మ కనిపించింది. మధ్యలో అమ్మవారు, చుట్టూ మినుకుమినుకుమనే దీపాలు, కింద 'అందరూ ఆహ్వానితులే'. దాన్నే దుర్గారావుకి పంపేశాడు. అలా పంపితే బొమ్మ నెత్తిన 'ఫార్వర్డెడ్' అని చిన్న అక్షరాలు పడతాయని పాపం ఆయనకి తెలీదు.

దుర్గారావుకి తెలుసు. "పిలుపు కూడా ఎంగిలిదేనేటి నాకు?" అన్నాడు. పండక్కి రాలేదు.

మరుసటేడు ఆయన మేడ కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. కక్ష తీర్చుకోవద్దూ? కార్డు మీద ఎల్లారావు పేరు రాసి, ఆటో తోలే అప్పలరాజు చేత పంపించాడు. అప్పలరాజు హారన్ కొట్టి, ఆటో దిగకుండానే కార్డు చాచాడు. ఎల్లారావు దాన్ని అందుకోలేదు. కింద పడ్డ కార్డు వానొచ్చేదాకా మా వీధిలోనే ఉంది. అంతటితో మాటలు, రాకపోకలు, పేకాట, అన్నీ బంద్.

మాటల్లేకపోతే మనుషులు బతగ్గలరు. పేక లేకపోతే ఎల్లారావు బతకలేకపోయాడు. ఫోనులో వెతుక్కుని వెతుక్కుని 'పేకమేడ' అనే గుంపులో చేరాడు. తెలుగువాళ్ళు పోకర్ ఆడుకునే చోటు. ఉత్తుత్తి బిళ్ళలతో ఆట, ఆట కన్నా కబుర్లు జాస్తి. చేతిలో ముక్క లేకపోయినా ఉన్నట్టు, ఉన్నా లేనట్టు మొహం పెట్టడమే పోకర్‌లో విద్య అంతా. ఒకరి మొహం ఒకరికి కనపడని చోట మొహం ఎలా పెట్టాలో వీళ్ళు వ్యాసాలు రాసుకునేవారు. ఎవరూ అసలు పేరు పెట్టుకోరు. ఎల్లారావు 'కెప్టెన్, సింగపూర్' అయ్యాడు. ఆ గుంపులో ఆయనకి ప్రాణస్నేహితుడు 'షేక్, దుబాయ్'. షేక్ అంటే నిజం షేకు కాదు, అక్కడ పెద్ద వ్యాపారంలో ఉన్న తెలుగాయన అని చెప్పుకున్నాడు. 'మొహం మీద ఏమీ తెలియనివ్వకుండుట ఎలా' అన్న వ్యాసం ఆయనదే. దాన్ని ఎల్లారావు నా చేత ప్రింటు తీయించి గోడకి అంటించుకున్నాడు.

ఎల్లారావు అక్కడ మన భాష రాసేవాడు కాదు. రేడియోలో వార్తలు చదివినట్టు రాసేవాడు. "మిత్రమా, నేడు సముద్రము ప్రశాంతముగా నున్నది." షేకూ అంతే. "మిత్రమా, ఇచట ఎండలు మెండుగా నున్నవి." ఇలా మూడేళ్ళు. కష్టం సుఖం అన్నీ చెప్పుకున్నారు. ఇద్దరికీ ఒక దుర్మార్గుడైన బావ ఉన్నాడని తెలిసి మరీ దగ్గరయ్యారు.

ఇక దాచడమెందుకు, మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. షేక్ అంటే దుర్గారావే. ఆదివారం చెయ్యి ఊరుకోక ఆయనా అదే గుంపులో పడ్డాడు. తెలియనిది వాళ్ళిద్దరికే. అప్పటికి నాకూ తెలీదనుకోండి.

రెండేళ్ళ కిందట దుర్గారావుకి గుండె నొప్పి వచ్చి ఆస్పత్రిలో పెట్టారు. సూర్యకళ ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది. "నన్ను పిలిసేడేటి, నానెల్డానికి?" అన్నాడు ఎల్లారావు. రోగానికి పిలుపేమిటని నేను అడిగితే నా వైపు చూడను కూడా చూడలేదు. అదే వారం షేకుకి గుండె నొప్పని మెసేజి వచ్చింది. ఈ మహానుభావుడు తెల్లారకుండా లేచి, సింహాచలం మెట్లదారిన కొండెక్కి, కొబ్బరికాయ కొట్టి, కుంటుకుంటూ దిగాడు. "తమ కొరకు ఇచటి ఆలయమున పూజ సలిపితిని" అని సింగపూర్ నుంచి రాశాడు. రెండూ ఒకే వారం. అయినా అనుమానం రాలేదు. అనుమానం రావాలన్నా కోపం కాస్త పక్కకి జరిగి చోటివ్వాలి కదా.

ఈ ఏడాది ఎల్లారావు కూతురు సుధారాణికి సంబంధం కుదిరింది. మంచి సంబంధం, పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డారు, ఇంటిల్లిపాదీ సంతోషం. చిక్కల్లా బుట్ట దగ్గరొచ్చింది. పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాలి. సుధారాణికి మేనమామ ఒక్కడే. ఆ పిల్ల ఎవరూ అడక్కుండానే తేల్చి చెప్పేసింది.

"మావయ్య మొయ్యకపోతే నాను నడిసే వస్తాను. ఇంకెవుడి బుట్టా ఎక్కను."

ఆ రోజు నుంచి ఎల్లారావుకి అన్నం సహించలేదు. నడిచొచ్చే పెళ్ళికూతుర్ని చూసి వియ్యాలవారు ఏమనుకుంటారన్నది ఒక బాధ. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటుంది, దాన్ని ఆయన నాతో చెప్పలేదు, షేకుతో చెప్పాడు. సుధారాణి పుట్టిన రోజు ఆస్పత్రిలో ఆ పిల్లని మొదట ఎత్తుకున్నది మేనమామేనట. ఇదంతా రాసి, "ఆ మూర్ఖుని ఇంటికేగి పిలువవలెనా, వలదా?" అని అడిగాడు. షేక్ వెంటనే సమాధానమిచ్చాడు. "వలదు మిత్రమా. ముందు దిగివచ్చినవాడు ఓడినట్టే. బుట్ట మోయుటకు ఏ పినతండ్రి కుమారునో చూసుకొనుడు." ఆ చేత్తోనే తన గోడు కూడా వెళ్ళబోసుకున్నాడు. తన మేనకోడలికీ పెళ్ళట, ఇంతవరకు పిలుపు లేదట. "పిలిచినను పోవలదు" అని మన కెప్టెన్ సలహా ఇచ్చాడు.

ఆ సమయంలో పేకమేడని నడిపే సన్నీ అనే అతను గుంపులో ఒక బొమ్మ పెట్టాడు. ఈత చెట్లు, బీరు గ్లాసు, కింద 'చలో గోవా, ముఖాముఖి ఆడుదాం, అందరూ ఆహ్వానితులే'. ఎల్లారావు ఎగిరి గంతేశాడు. బొమ్మ నెత్తిన చిన్న అక్షరాలు నేను వేలు పెట్టి చూపించాను.

"అన్నా, ఇది కూడా ఫార్వర్డెడ్డే."

"అయితే ఏటి? స్నేయితుల్లో పట్టింపులేటి?" అన్నాడు. టికెట్లు వెతకమని నా చేతిలో ఫోను పెట్టాడు.

సూర్యకళతో శిరిడీ అని చెప్పాడు. పిల్ల పెళ్ళి సవ్యంగా జరగాలని మొక్కట. హిందీ రాదు కాబట్టి నన్ను వెంట రమ్మన్నాడు. నాకూ రాదు, కానీ ఆ సంగతి నేను చెప్పలేదు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి, గోవా సముద్రం చూడ్డానికి పువ్వుల నిక్కరు కొన్నాను.

విశాఖపట్నం స్టేషన్లో పొద్దున్నే బండెక్కి కూర్చున్నాం. బండి కదలబోతుండగా మా ఎదుటి కిటికీ సీటుకి ఒకాయన వచ్చాడు. భుజాన సంచీ, చేతిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం. దుర్గారావు.

బావలిద్దరూ ఒకరినొకరు చూసి, కిటికీ వైపు మెడలు తిప్పేశారు. ఇద్దరూ ఎడమవైపు కిటికీ దగ్గరే ఎదురెదురుగా ఉన్నారు కాబట్టి అదే గుడిసె, అదే గేదె ఇద్దరికీ కనిపిస్తున్నాయి. ఆరేళ్ళ తర్వాత తొలి పలుకు దుర్గారావుదే. నాతో అన్నాడు.

"వాసూ, ఆ సంచీ కాత్త పక్కకి జరపమను."

"జరగదని సెప్పు" అన్నాడు ఎల్లారావు, నాతోనే.

దువ్వాడ దాటింది. ఎల్లారావు ఫోను తీసి షేకుకి రాయడం మొదలెట్టాడు. పక్కనున్నవాణ్ణి, చదవక ఛస్తానా? "మిత్రమా, నేను సింగపూరున విమానమెక్కితిని. మా దుష్టుడైన బావ కూడ ఇదే విమానమున, నా ఎదుటనే కూర్చొనెను." పంపాడు.

దుర్గారావు జేబులో పేకముక్కలు కలిపిన చప్పుడు. పేకమేడలో మెసేజి వస్తే అలా ఫర్రున మోగుతుంది. ఎల్లారావుకి వినపడలేదు. టగ్గు ఇంజను పక్కన ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ చెవులవి. ఆయన ఫోనంటారా, సూర్యకళ వింటుందని ఎప్పుడూ నోరు నొక్కే ఉంచుతాడు. దుర్గారావు చదువుకుని, పెదవి విరిచి, ఏదో టైపు చేశాడు. ఎల్లారావు చేతిలో ఫోను వెలిగింది. "ఏమి చోద్యము మిత్రమా! దుబాయి విమానమున నా ఎదుటనూ మా బావయే!"

"సూసినావా వాసూ, పాపం ఆయనకీ ఇదే కర్మ" అన్నాడు ఎల్లారావు జాలిగా.

నాకు విషయం తెలిసిపోయింది. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. కానీ ఆరేళ్ళుగా మధ్యాహ్నాలు నిద్ర పట్టని నిశ్శబ్దం అనుభవించినవాణ్ణి, ఇంత వినోదం ఇంకెప్పుడు దొరుకుతుంది? తువ్వాలు నోట్లో కుక్కుకుని ఊరుకున్నాను. అనకాపల్లి దాకా వాళ్ళు ఒకరినొకరు ఒకరికొకరు తిట్టి పోసుకున్నారు. పందిమొహం వాడన్నారు, పిసినారన్నారు. "అట్టివారిని విమానము నుండి తోసివేయవలెను" అని దుర్గారావు రాస్తే, ఎల్లారావు ఆనందం పట్టలేక నా తొడ మీద కొట్టాడు.

అనకాపల్లి దాటాక దుర్గారావు పొట్లం విప్పాడు. తింటూ తొక్కలు కింద వేస్తున్నాడు. ఎల్లారావు మొహం ఎర్రబడింది. రాశాడు. "మిత్రమా, ఈ పశువు ఇప్పుడు వేరుశనక్కాయలు తినుచు, తొక్కలన్నియు నా చెప్పుల మీద వేయుచున్నాడు."

ఫర్రుమంది. దుర్గారావు చదివాడు. నములుతున్న నోరు ఆగింది. చేతిలో సగం ఒలిచిన కాయ చూసుకున్నాడు. మెల్లగా కిందకి చూశాడు. ఎల్లారావు చెప్పుల మీద తొక్కలు. వంగి వాటిని ఒక్కొక్కటే ఏరి పొట్లంలో వేసుకున్నాడు. తర్వాత ఫోను తీసి మళ్ళీ రాశాడు.

"మీ చెప్పులు ఏ రంగు?"

"గోధుమ రంగు. ఏల?" అని ఎల్లారావు బదులు పంపాడు. ఎదుట మళ్ళీ ఫర్రుమంది.

"కెప్టెన్ గారూ" అన్నాడు దుర్గారావు, పైకే.

ఎల్లారావు ఉలిక్కిపడి, ఏ కెప్టెన్ వచ్చాడా అని వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ ఇటు చూశాడు. దుర్గారావు తన ఫోను ఆయన వైపు తిప్పి పట్టుకున్నాడు. 

"నువ్వా?"

"నానే."

"మరి దుబాయి?"

"ఎక్కడి దుబాయి? ఐసు పెట్టెల మీద కూకుని రాసినాను. నీ సింగపూరో?"

"ఓ పాలి అటెల్లే ఓడకి తాడిసిరినాను."

ఆ తర్వాత బోగీ అంతా మా వైపు తిరిగింది. "నన్ను పందిమొకపోడంటావా?" అని దుర్గారావు లేచాడు. "అంతకన్నా హీనుడని నువ్వే రాసినావు గదేటి!" అని ఎల్లారావు లేచాడు. "ఆడు నానేనని నాకు తెలుసేటి?" "మరి నాకు తెలుసేటి?" ఎవరి తిట్టు ఎవరికి తగిలిందో లెక్క తేలక ఇద్దరూ చివరికి కూర్చున్నారు.

దుర్గారావు మిగిలిన కాయల పొట్లం మడిచి సంచీలో పెట్టాడు. తర్వాత కిటికీలోంచి బయటికే చూస్తూ అడిగాడు.

"నాకు గుండె నొప్పొచ్చినపుడు గుడికెల్లినానని రాసినావు. అదీ అబద్దమేనా?"

"సింగపూరు అబద్దం. గుడి నిజమే. సింహాచలం ఎల్లినాను, మెట్లదారి. నాలుగు రోజులు మోకాళ్ళు వంగలేదు."

దుర్గారావు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అంత ఉక్కగా ఏం లేదు. "ఆ ఆస్పత్రి మంచం మీద, బావ రాలేదని ఎంత బాద పడినానో... అదీ నీకే రాసినాను."

"సదివినాను" అన్నాడు ఎల్లారావు. ఆ పెద్ద గొంతు ఎక్కడికో పోయింది. "అలాటోడి మొకం సూడొద్దని జవాబిచ్చినాను."

నేను అంతవరకు నవ్వుకుంటూ కూర్చున్నవాణ్ణి, నోట్లోంచి తువ్వాలు తీసేశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, దాంతోనే కళ్ళు తుడుచుకున్నాను.

"బుట్ట ఎవులు మోత్తారు?" అన్నాడు దుర్గారావు.

"పినతండ్రి కొడుకు సేత మోయించమని సలహా ఇచ్చినావు గదా."

"ఆ సలహా ఇచ్చినోడొట్టి ఎదవ."

"అయితే నువ్వే మొయ్యి. వచ్చే నెల పెళ్ళి, రా."

అంతా అయిపోయిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. దుర్గారావు నిటారుగా కూర్చున్నాడు.

"బండిలో పిలుపేటి? దారిలో పిలిస్తే నానొస్తానేటి? ఇంటికొచ్చి పిలవాల."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఓరి మీ మర్యాద మండా! ఫోనులో ఈత చెట్టు బొమ్మ పంపితే గోవా దాకా పరిగెడతారు. మేనకోడలి పెళ్ళికి మాత్రం ఇంటికొచ్చి పిలవాలా?" అని అరిచాను. ఎల్లారావు నా మీదే కోప్పడ్డాడు. "ఆడన్నదాంట్లో తప్పేటుంది? పిలుపంటే పిలుపే!" ఇందాక ఒకరినొకరు విమానంలోంచి తోసేసుకున్నవాళ్ళు ఇప్పుడు ఒక్కటై నన్ను వెర్రివాణ్ణి చేశారు.

ఆ పిలుపు కోసం ముగ్గురం తునిలో దిగిపోయాం. గోవా చూడకుండానే నా పువ్వుల నిక్కరు కూడా సంచీలో దిగింది. బస్సెక్కి మల్కాపురం చేరేసరికి సాయంత్రమైంది. సూర్యకళ వాకిలి ఊడుస్తోంది. మొగుణ్ణి చూసి చీపురు ఆపింది.

"శిరిడీ అప్పుడే ఎల్లొచ్చీసినారేటి?"

"బాబా తునిలోనే కనిపించీసేడు" అన్నాడు ఎల్లారావు.

అప్పుడామె వీధి మలుపులో నిలబడ్డ అన్నని చూసింది. చీపురు కింద పడింది. "అన్నా, లోపలికి రా!" అని పరిగెత్తింది. దుర్గారావు కదలలేదు. పిలవకుండా ఆ గడప తొక్కడట. అందుకని లెక్క ఇలా తేలింది. ముందు ఆయన ఆటోలో ఇంటికి వెళ్ళాలి. వెనకాల మొగుడూ పెళ్ళాం కుంకంభరిణె పట్టుకుని ఇంకో ఆటోలో వెళ్ళాలి. ఆ ఇంకో ఆటో, ఖర్మ కొద్దీ, అప్పలరాజుదే.

అప్పలరాజు దారిలో దుర్గారావు ఆటోని దాటేయబోయాడు. "ఒరే, ఎనక్కుండరా! ఆడు ముందు ఇంటికెల్లాల, నేకపోతే ఎవుల్ని పిలుత్తాం?" అని ఎల్లారావు మెడ పట్టుకున్నంత పని చేశాడు. పెదజాలారిపేట మొదట్లో ఆటో ఆపి, అందరం టీలు తాగాం. ఆయన ఇంట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కునే వేళ ఇవ్వాలిగా. తర్వాత వెళ్ళి తలుపు కొట్టాం.

దుర్గారావు తలుపు తీశాడు. చొక్కా మార్చాడు, తల దువ్వాడు. పొద్దుట్నుంచీ ఇల్లు కదలనివాడిలా నిలబడ్డాడు.

"ఓలమ్మ! సెల్లీ! బావా! ఏటిలా దారి తప్పినారు?"

లోపలికి వెళ్ళి కూర్చున్నాం. సూర్యకళ తన వదిన పోతమ్మకి బొట్టు పెట్టింది. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. ఎల్లారావు లేచి నిలబడి, చేతులు రెండూ జోడించి, మా వీధి మొత్తానికి వినపడే పాత గొంతుతో పిలిచాడు.

"బావా, మా సుధారాణి పెళ్ళి. పిల్లా పాపల్తో మీరందరూ ముందుగా రావాల. పిల్లని బుట్టలో నువ్వే మొయ్యాల."

దీనికి దుర్గారావు కొంచెం బెట్టు చేయాలి. "సూద్దాం, పనులున్నాయి, కుదిరితే వస్తాను" అనాలి. అందరం అదే విందామని సిద్ధంగా ఉన్నాం. 'మొహం మీద ఏమీ తెలియనివ్వకుండుట ఎలా' అని అంత పెద్ద వ్యాసం రాసిన మనిషి. "సూద్..." అన్నాడు. ఆ మాట పూర్తి కాలేదు. గడ్డం వణికింది, పెదవి వంకర తిరిగింది, ఆరేళ్ళదీ ఒక్కసారే బయటికొచ్చింది. గోడ వైపు తిరిగి, "బుట్ట కొన్నారా, నాను కొనాలా?" అని అడిగాడు.

గుమ్మంలో నిలబడ్డ అప్పలరాజు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. షేక్ గారు ఆ మొహం పెట్టుకుని గోవా వెళ్ళకపోవడమే మంచిదయింది.